ఇంగ్లీషు ‘రన్’ అన్న మాటకు సరైన తెలుగు పట్టుకోవడం ఎలా?

‘ముక్కు పరుగెడుతోంది’ అన్న అనువాదం కనబడ్డప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ముక్కు కారుతుంది. ‘రన్’ అంటే పరుగు అని చిన్నప్పుడు నేర్చుకున్నదే పట్టుకుని వేలాడితే ఇలాగే అవుతుంది.

కావలసినవి: పెన్సిలు, ఉదాహరణ వాక్యాలిచ్చే ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు. పెన్ను పనికిరాదు, మొదటి ఊహ ఎలాగూ చెరపాల్సి వస్తుంది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు చివరిదాకా తెరవొద్దు.

1. వాక్యం పూర్తిగా చదవండి.

2. ‘రన్’ అయ్యేది ఏమిటో దాని కింద గీత గీయండి. మనిషైతే పరుగెత్తుతాడు, నాటకమైతే ఆడుతుంది, రంగైతే దిగుతుంది. స్కూలును ‘రన్’ చేస్తే నడపడం.

3. ‘రన్’ పక్కనున్న చిన్న మాట చూడండి. అందరూ బోల్తాపడేది ఇక్కడే, తొందరపడకండి.

‘హి రాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ మీదికి పరుగెత్తాడు. ‘హి రాన్ అప్ ఎ బిల్’ అంటే బాకీ పెంచుకున్నాడు. ఇంగ్లీషులో తేడా ఒక్క అక్షరమే. కొండ, బిల్లు తీసేసి అక్కడ ‘ఇట్’ పెట్టి చూడండి. బిల్లైతే ‘రాన్ ఇట్ అప్’ అని ‘ఇట్’ మధ్యలోకి దూరుతుంది. అలా దూరితే రెండు మాటలూ కలిసి ఒకే క్రియ, దాని అర్థం విడిగా వెతకాలి. కొండకైతే ‘రాన్ అప్ ఇట్’ అనే అనాలి. ఏది సరైనదో చెవిని నమ్మొద్దు, నిఘంటువులోని ఉదాహరణలు చూడండి.

ఈ పరీక్షకు లొంగనివీ ఉన్నాయి. ‘రన్ ఇంటు’లో ‘ఇట్’ ఎప్పుడూ చివరే. ‘ఐ రాన్ ఇంటు హర్’ అంటే సాధారణంగా ఆమె అనుకోకుండా ఎదురుపడిందని. బండి మీద వెళ్తున్న సందర్భమైతే గుద్దేశాననీ కావచ్చు, అందుకే దానికి ముందున్న వాక్యం చదవకుండా రాయొద్దు. ‘రన్ అవుట్ ఆఫ్’ తర్వాత గది వస్తే బయటికి పరుగు, టైము వస్తే టైము అయిపోవడం. వచ్చింది చోటా, ఖర్చయ్యేదా అన్నదే చూడాలి.

అర్థాల పట్టిక బట్టీపట్టమనే వాళ్ల మాట వినకండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సవరణలో ఒక్క ‘రన్’ క్రియకే 645 అర్థాలు తేలాయి. ఎన్నని బట్టీపడతారు? మనం ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, కాపీ కొడతాం, సినిమా బోరు కొడుతుంది. ‘కొట్టు’కు ఎవరూ పట్టిక ఇవ్వలేదు, పక్క మాటను బట్టే తెలిసింది.

4. తెలుగు వాక్యం రాసి, ఇంగ్లీషు కాగితం బోర్లించి, పైకి చదవండి. నాలుక తడబడితే రెండో మెట్టుకు వెళ్లండి. తడబడకపోతే పెన్సిలు గీతలు చెరిపేయండి.