పాత వెండి రూపాయి విలువ కట్టడం ఎలా?

తాతల నాటి పెట్టెలో బ్రిటిష్ కాలపు రూపాయి దొరకగానే చింతపండుతోనో విభూతితోనో తోమాలని చేతులు ఉవ్విళ్లూరుతాయి. ఆ పని మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి పట్టిన నల్లని పొర పోతే, నాణేలు సేకరించేవారు ఇచ్చే అదనపు ధర కూడా దానితోపాటే పోతుంది.

ముందు తూకం చూడాలి. 1939 వరకు ముద్రించిన రూపాయి 11.66 గ్రాములుండేది, అందులో 91.7 శాతం వెండి. అంటే సుమారు 10.7 గ్రాముల వెండిని నేటి ధరతో లెక్కిస్తే వచ్చేదే కనీస విలువ. 1940 నుంచి వెండి 50 శాతానికి తగ్గింది. హైదరాబాద్ నిజాం ముద్రించిన చార్మినార్ రూపాయి 11.18 గ్రాములే కనుక, అది తక్కువ తూగితే నకిలీ అని కంగారుపడనక్కర్లేదు.

అసలు పరీక్ష అరుగుదలది. ఐదో జార్జి రూపాయిని ఏటవాలు వెలుతురులో పట్టుకుని, రాజు వస్త్రం మీది చిన్న ఏనుగును భూతద్దంతో చూడండి: తొండం, చెవి విడివిడిగా కనిపిస్తే నాణెం పెద్దగా చేతులు మారలేదన్నమాట. 1911 నాటి నాణెంపై ఆ ఏనుగు పందిలా ఉందని గొడవ రేగి, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. అందుకే 1911 నాణేనికి గిరాకీ ఎక్కువ. 1939 రూపాయి మరీ అరుదు, కాబట్టి నకిలీల బెడదా ఎక్కువే. అంచు గీతలు అసమానంగా ఉన్నా, ఉపరితలంపై సన్నని గుంటలు కనిపించినా పోతపోసిన నకిలీ నాణెమని అనుమానించాలి. గొలుసుకు వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసిన మచ్చ ఉంటే, ఎంత అరుదైనదైనా ధర బాగా పడిపోతుంది.