నాగోలా, మియాపూరా? ఫ్లాట్ రేట్లు పోల్చే పద్ధతి

ఇల్లు కొనాలనుకున్నప్పుడు మా ఇంట్లో చివరికి హైదరాబాద్‌లో రెండు పేర్లు మిగిలాయి: నాగోలు, మియాపూర్. మావారి ఆఫీసు హైటెక్ సిటీలో, నా స్కూలు దిల్‌సుఖ్‌నగర్‌లో. నాగోలులో మెట్రో ఎక్కితే ఆయన నేరుగా ఆఫీసు దగ్గర దిగొచ్చు. మియాపూర్ నుంచైతే నాకు నేరుగా రైలుంది, ఆయన అమీర్‌పేటలో మారాలి. మీరు కూడా ధరల కంటే ముందు ఇంట్లో ఎవరు రోజూ ఎక్కడికి వెళ్తారో రాసుకోండి.

తర్వాత రెండుచోట్లా ఒకేలాంటి ఫ్లాట్లు చూడండి. ఇక్కడ కొత్త గేటెడ్ కమ్యూనిటీని, అక్కడ పాత అపార్ట్‌మెంట్‌ని పోలిస్తే ఏమీ తేలదు. మేము స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో, పదేళ్లు దాటని రీసేల్ డబుల్ బెడ్‌రూమ్‌లు ఒక్కోచోట ఐదేసి చూశాం.

అసలు తికమకంతా ఎస్ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగుల లెక్క దగ్గరే. అమ్మేవాళ్లు చెప్పే 1,200 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసే ఉంటాయి. టేపు తీసుకెళ్లి గదులు కొలవండి, మొహమాటపడొద్దు. ఉదాహరణకు 66 లక్షలకు 1,200 అడుగులంటే అడుగు 5,500. ఇంకోచోట 62 లక్షల 70 వేలకు 1,100 అడుగులు, అంటే 5,700. మొదటిదే చవక అనిపిస్తుంది. లోపల కొలిస్తే మొదటిది 840, రెండోది 836 వచ్చాయనుకోండి. అప్పుడు మొదటిది అడుగు 7,857, రెండోది 7,500 పడుతుంది. యూడీఎస్, అంటే బిల్డింగ్ ఉన్న స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే వాటా, ఎన్ని గజాలో కూడా సేల్ డీడ్‌లో చూడండి. బిల్డింగ్ పాతబడ్డాక విలువ నిలిచేది ఆ గజాల్లోనే.

బ్రోకర్ చెప్పే రేటునీ, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని మార్కెట్ విలువనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. రెండోది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం పెట్టిన విలువ. నాకు నమ్మకం అద్దె మీదే. అదే బిల్డింగ్‌లో అద్దెకున్నవాళ్లని అడిగి, ఏడాది అద్దె ఆ ఫ్లాట్ ధరలో ఎంత శాతమో లెక్కేసి, రెండుచోట్లా పోల్చండి.

ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదులు తప్పకుండా అడగండి. మాకు బాగా నచ్చిన ఒక ఫ్లాట్‌లో నెలకి 2,000 అన్నారు. రసీదు చూస్తే మేలో నీళ్ల ట్యాంకర్లతో కలిపి 4,500. అక్కడితో దాన్ని వదిలేశాం.

చివరికి నాగోలులో తీసుకున్నాం. లెక్కల్లో రెండూ దగ్గరదగ్గరగానే వచ్చాయి. ఆయనకి ఒకే రైలు, నాకు ఆటోలో ఇరవై నిమిషాలు. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, అప్పులు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వచ్చిన దస్తావేజులు) లాయర్‌కి చూపించాకే అడ్వాన్స్ ఇచ్చాం.