ముందు గిత్తను గోళం అనుకుందాం
లెక్కల జోకు వేసేముందు ఎదుటివాళ్లకి ఏం తెలుసో చూసుకోండి, సగం పని అక్కడే అయిపోతుంది. ఒంగోలులో ఫిజిక్స్ వాళ్లు నలుగురు చేరినచోట "మన గిత్త ఎంత బండ లాగుద్దో లెక్కకడదాం, ముందు గిత్తను గోళం అనుకుందాం, నేలకి రాపిడి లేదనుకుందాం" అంటే చాలు, పగలబడి నవ్వుతారు, ఎందుకంటే లెక్క తేలిక కావడానికి రోజూ ఆ పని చేసేది వాళ్లే. మిగతావాళ్లకి అది ఉత్త గిత్తే.

టోపాలజీ (చింపకుండా, అతకకుండా ఎంత సాగదీసినా ఆకారంలో ఏం మారదో చూసే లెక్కలు) చదివినవాళ్లయితే టిఫిన్ దగ్గర గారె, పిడి ఉన్న టీ కప్పు చూపించి "వీటిల్లో ఏది కొరకాలబ్బా?" అని అడగండి. రెండింటికీ ఒక్కటే రంధ్రం, వాళ్ల లెక్కలో రెండూ ఒకటే.

"లోకంలో మనుషులు 10 రకాలు, బైనరీ తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు" అన్నది మాత్రం వాట్సాప్‌లో రాసి పంపండి. నోటితో పది అన్నారో, చెడిపోయినట్టే. బైనరీలో, అంటే 0, 1 మాత్రమే వాడి రాసే లెక్కలో, 10 అంటే రెండు. నవ్వు రాకపోతే వివరించకండి (ఇంతకంటే నరకం లేదు), ఇంకోటి వేయండి.