పండ్ల మొక్క నాటేటప్పుడు అంటు కట్టిన చోటు చూడండి

చలి మరీ ముదరని ప్రాంతాల్లో పండ్ల మొక్కలు నాటడానికి శరదృతువు మంచి అదను. ఎండ తగ్గుతుంది, నేలలో వెచ్చదనం మాత్రం ఇంకా ఉంటుంది. పైన చిగురు కనిపించకపోయినా కింద వేళ్లు సాగుతూనే ఉంటాయి. వేసవికి మొక్క నిలదొక్కుకుంటుంది.

లోతు విషయంలో మాత్రం దయచేసి తొందరపడకండి. కాండం మొదట్లో కాస్త ఉబ్బుగా, వంకరగా కనిపించేదే అంటు కట్టిన చోటు, అంటే ఒక మొక్క మొదలుపై మనకు కావలసిన రకం కొమ్మను అతికించిన చోటు. అది నేలకు కనీసం 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. మట్టిలో కూరుకుపోతే పై భాగం సొంతంగా వేళ్లు వేయవచ్చు, మొదలు కుళ్లే ప్రమాదమూ ఉంది. గుంత వెడల్పుగా తవ్వండి. లోతు కుండీలోని మట్టిగడ్డ ఎత్తుకు మించనక్కర్లేదు. ఎక్కువ తవ్వి వదులు మట్టి నింపితే, నీళ్లు పోశాక మొక్క కుంగిపోతుంది. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లగా విడదీయండి.

రాలిన ఆకులను కాల్చకండి, అవి బంగారం! తెగులు సోకినవి ఏరేసి, మిగిలినవి పాదులో పరవండి, తేమ నిలుస్తుంది. కాండం చుట్టూ బెత్తెడు జాగా వదలండి. పాదుకు కొంచెం ఎడంగా కలెండ్యులా అనే పూల మొక్క విత్తనాలు చల్లితే చలికాలంలోనూ పూలుంటాయి, తేనెటీగలూ వస్తాయి.