నాన్నకి ప్రోస్టేట్ ఆపరేషన్ అన్నారా? ముందూ తర్వాతా చూసుకోవాల్సినవి

మా నాన్న రాత్రి ఐదారుసార్లు ఒంటికి లేచేవారు, అడిగితే "వయసు కదరా" అనేవారు. ఖమ్మం బస్సెక్కడం మానేశారు, పెళ్లిళ్లకు రావడం మానేశారు, సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లే ముట్టుకునేవారు కాదు. ఇవన్నీ ప్రోస్టేట్ (మూత్రాశయం కింద మూత్రనాళం చుట్టూ ఉండే మగవాళ్ల గ్రంథి) పెరిగిన ఒక్క జబ్బువల్లేనని మాకెవరికీ తట్టలేదు. చివరికి జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకున్న రాత్రి మూత్రం పూర్తిగా బంద్ అయిపోయింది. కూకట్‌పల్లి నుంచి ఆటోలో తీసుకెళ్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆయన మూలిగిన మూలుగు నేను మర్చిపోలేను. కొన్ని జలుబు మాత్రలకు మూత్రం ఆపేసే గుణం ఉంది, ప్రోస్టేట్ పెరిగినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు.

యూరాలజిస్ట్ (మూత్ర సమస్యల డాక్టర్) దగ్గరికి వెళ్లేముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎన్నింటికి వెళ్లారు, ఎంత వచ్చింది (కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు చాలు), ఎన్ని నీళ్లు తాగారు. "బాగా ఇబ్బందిగా ఉంది సార్" అనడం కంటే ఆ కాగితం ఎక్కువ చెబుతుంది. వాడే మాత్రలన్నీ పట్టుకెళ్లండి, ముఖ్యంగా రక్తం పలచబడటానికి వేసుకునేవి. గుండెకి స్టెంట్ వేసినవాళ్లు ఆ మాత్రల్ని సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరూ యూరాలజిస్టూ మాట్లాడుకుని చెప్పాలి.

టెస్టుల్లో యూరోఫ్లో అని ఒకటుంటుంది, గరాటు లాంటి మెషిన్‌లో పోయిస్తారు. కనీసం 150 మిల్లీలీటర్లైనా వస్తేనే లెక్క సరిగ్గా తేలుతుంది, కాబట్టి ఖాళీ కడుపు టెస్టనుకుని నీళ్లు తాగకుండా వెళ్లకండి. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) ఎక్కువ వచ్చిందని వెంటనే క్యాన్సర్ అని టెన్షన్ పడొద్దు, ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం పోవడానికి పైపు వేసినా పెరుగుతుంది. ప్రోస్టేట్ తగ్గడానికి ఇచ్చే డ్యుటాస్టెరైడ్ మాత్ర ఆరు నెలలుగా వాడుతుంటే మాత్రం పీఎస్ఏ అసలున్న దాంట్లో దాదాపు సగమే కనిపిస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి.

స్కాన్‌లో ప్రోస్టేట్ ఎన్ని గ్రాములుందో చూసి ఆపరేషన్ ఖాయం చేసుకోకండి. 40 గ్రాములతో నానా అవస్థ పడేవాళ్లున్నారు, 80 ఉన్నా మాత్రలతో హాయిగా తిరిగేవాళ్లున్నారు. మాత్రలు పనిచేయకపోయినా, మూత్రం మళ్లీమళ్లీ ఆగిపోతున్నా, మూత్రాశయంలో రాళ్లు పడినా, కిడ్నీల మీద ఒత్తిడి పడుతున్నా ఇక వాయిదా వేయకూడదు. ఏళ్ల తరబడి ముక్కి ముక్కి మూత్రాశయం కండరం బలం పోయాక దారి తెరిచినా ధార పూర్తిగా రాకపోవచ్చు. మేం ఆలస్యం చేసింది అక్కడే.

ఆపరేషన్లలో ఎక్కువగా వినేవి రెండు, రెండూ మూత్రనాళం గుండానే, బయట కోత ఉండదు. టీయూఆర్‌పీలో కరెంటు తీగతో లోపల అడ్డున్న భాగాన్ని ముక్కలుగా గీకి తీస్తారు. హోలెప్‌లో లేజర్‌తో బత్తాయి తొక్క నుంచి తొనలు విడదీసినట్టు లోపలి గ్రంథిని ఒలిచి తీస్తారు, బాగా పెద్దగా ఉన్నవాటికి ఇది పనికొస్తుంది. మెషిన్ పేరు కంటే ఆ డాక్టర్ ఆ పద్ధతి ఎన్నిసార్లు చేశారన్నది అడగండి. ఖర్చు భయముంటే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి, ఆరోగ్యశ్రీ ఉంటే ముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలవండి.

ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుంది. ప్రమాదం లేదు, కానీ ముందే తెలియాలి. కొడుకు నోటితో చెప్పలేని మాట కాబట్టి, నేను బయటికొచ్చి డాక్టర్‌గారినే నాన్నతో విడిగా మాట్లాడమన్నాను.

నడుముకి మత్తిచ్చి చేస్తారు, పైపు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులుంటుంది. పైపుకి తగిలించిన మూత్రం సంచిలో నీళ్లు పలచటి రూహ్‌అఫ్జా రంగులో కనిపిస్తే కంగారు పడొద్దు. చిక్కగా ఎర్రబడినా, గడ్డలు వచ్చినా, పొట్ట కింద బిగిసి సంచిలోకి నీళ్లు దిగకపోయినా వెంటనే నర్సుని పిలవండి.

ఇంటికొచ్చాకే అసలు ఓపిక కావాలి. నెల, నెలన్నర బకెట్లు ఎత్తకూడదు, బండి నడపకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు, ముక్కితే లోపలి పచ్చిపుండు రేగుతుంది. గుండె, కిడ్నీ సమస్యల్లేకపోతే నీళ్లు బాగా తాగించండి. పది, పద్నాలుగు రోజులప్పుడు లోపలి పొక్కు ఊడి మళ్లీ రక్తం కనిపించవచ్చు, మేం హడలిపోయింది అప్పుడే. నీళ్లు తాగి పడుకుంటే తగ్గుతుంది. గడ్డలు పడినా, మూత్రం ఆగినా, చలిజ్వరం వచ్చినా మాత్రం రాత్రని చూడకుండా వెళ్లండి. మంట, ఆపుకోలేకపోవడం కొన్ని వారాలుంటాయి, బట్టలు తడిస్తే ఆయన్ని చిన్నబుచ్చకండి, డైపర్ తెచ్చి మాట్లాడకుండా పక్కన పెట్టండి.

తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. ఆపరేషన్‌లో లోపలి భాగమే తీస్తారు, గ్రంథి బయటి పొర ఒంట్లోనే మిగులుతుంది కనుక పీఎస్ఏ తర్వాత ఎప్పుడు చేయించాలో కూడా అప్పుడే రాయించుకోండి.