సంక్రాంతికి వచ్చి పెద్దవాళ్ల కళ్లు చూపిస్తారా? ముందు ఇవి చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పండక్కి వచ్చే పిల్లలు చాలామంది అమ్మానాన్నల కంటి పరీక్షా ఆ సెలవుల్లోనే పెట్టుకుంటారు. వయసుతో వచ్చే మాక్యులా (కంటి వెనక రెటీనా పొర మధ్యభాగం, సూటి చూపు దీనిదే) జబ్బు అనుమానం ఉంటే:

– గీతలు వంకరగా కనిపించినా, చూపు మధ్యలో మచ్చ పడినా పండగ దాకా ఆగొద్దు. ఈ జబ్బులో పొడి, తడి అని రెండు రకాలు. తడి రకమైతే (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారేది) చూపు త్వరగా పడిపోతుంది, పోయింది తిరిగి రావడం కష్టం.

– ఒక కన్ను మూసి క్యాలెండర్ గళ్లు చూడమనండి. రెండూ తెరిస్తే మంచి కన్ను లోపాన్ని కప్పేస్తుంది.

– "శుక్లమేలే" అనుకోవద్దు. శుక్లం ఆపరేషన్ మాక్యులాను బాగుచేయదు.

– రెటీనా డాక్టరు, ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపే స్కాన్) ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. కళ్లజోడు షాపు పరీక్ష చాలదు. విశాఖలో ఎల్వీ ప్రసాద్, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి.

– తడి రకానికి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తారు. ఒక్కదానితో అయిపోదు, మొదట్లో సాధారణంగా నెలకొకటి. మీరు వెళ్లిపోయాక ఎవరు తీసుకెళ్తారో ఇప్పుడే తేల్చండి, అసలు చికిత్స ఆగిపోయేది అక్కడే. ఖర్చు భారమైతే బెవాసిజుమాబ్ గురించి అడగండి, మిగతా మందులకన్నా చాలా చవక. ఇంజెక్షన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే అదే రోజు వెళ్లాలి.

– పొడి రకానికి విటమిన్ బిళ్లలు కొందరికే పనికొస్తాయి, పోయిన చూపును మాత్రం తేవు. పైగా బీటా కెరోటిన్ ఉన్నవి పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతాయి. మన అమ్మమ్మలను "పొగ తాగుతారా" అంటే లేదంటారు. అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట) మాట మీరే డాక్టరుకు చెప్పండి.

– పాత రిపోర్టులు తీసుకెళ్లండి.