కొర్రమీను పిల్లల మేత కోసం పచ్చనీరు ఎలా పెంచాలి?

గుడ్డు నుంచి వచ్చిన కొర్రమీను పిల్లకు మూడు నాలుగు రోజుల్లో పొట్ట కింది పచ్చసొన కరిగిపోతుంది. అప్పటికి కదిలే మేత సిద్ధంగా లేకపోతే పిల్లలు నీరసించి రాలిపోతాయి, మిగిలినవి ఒకదాన్నొకటి తింటాయి. మొదట రోటిఫర్లు (కంటికి సరిగా ఆనని చిన్న నీటి జీవులు), నోరు పెరిగాక మొయినా (వాటికంటే కాస్త పెద్దవైన నీటి ఈగలు) వేయాలి. ఆ రెండింటినీ పోషించేది క్లోరెల్లా అనే ఆకుపచ్చ సూక్ష్మశైవలం; అది పెరిగిన నీరే పచ్చనీరు. దాన్ని వంద లీటర్ల డ్రమ్ములో, ఎరువుల దుకాణంలో దొరికే సరుకుతోనే పెంచుకోవచ్చు.

ముందుగా నీటిని సన్నని బట్టలో వడకట్టి, మూడు నాలుగు గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి రాత్రంతా ఉంచండి. మర్నాడు ఎండలో గాలి పంపు పెట్టి, క్లోరిన్ పూర్తిగా పోయేదాకా ఆగండి. వాసన ఏ మాత్రం తగిలినా శైవలం చచ్చిపోతుంది.

ఎరువులు: అమ్మోనియం సల్ఫేట్ 10 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 1 గ్రాము, యూరియా 1 గ్రాము. ఒక్క గ్రాము తూచడం కష్టం కాబట్టి 10 గ్రాముల యూరియాను లీటరు నీటిలో కరిగించి, అందులో 100 మిల్లీలీటర్లు పోయండి. సూపర్ ఫాస్ఫేట్‌ను కూడా అలాగే రాత్రి నానబెట్టి పైన తేరిన నీటినే వాడండి, అడుగున మడ్డి మిగులుతుంది.

ఇప్పుడు తోడు వేయాలి. పెరుగుకు లాగే దీనికీ తోడు మంచిదైతేనే ఫలితం. మత్స్య కళాశాల ప్రయోగశాలలో శుద్ధమైన క్లోరెల్లా దొరికితే అదే తెచ్చుకోండి. పది లీటర్లు పోసి, గాలి ఆపకుండా, నేరుగా మండుటెండ పడని వెలుతురులో ఉంచండి. వేసవిలో షేడ్ నెట్ తప్పనిసరి.

నాలుగైదు రోజులకు నీరు చిక్కబడుతుంది. గాజు గ్లాసులో తీసి వెలుగుకు ఎత్తి చూడండి: లేత చిగురు రంగు ముదురు ఆకుపచ్చగా మారితే వాడుకోవచ్చు. పసుపు పచ్చగా తిరిగినా, అడుగున పేరుకున్నా ఆలస్యమైనట్టే. పది లీటర్లు తర్వాతి డ్రమ్ముకు తోడుగా తీసిపెట్టడం మరవకండి.

మొయినా తొట్టిలో నీరు లేత పచ్చగా అయ్యేంత వరకే ఈ పచ్చనీరు పోయండి. తేటపడ్డాక మళ్లీ పోయండి. ఆ తొట్టిలో ఎరువు మాత్రం వేయవద్దు. పగలు పచ్చనీటి క్షారగుణం పెరిగినప్పుడు అమ్మోనియం విషవాయువుగా మారి మొయినాను చంపుతుంది. రోటిఫర్ల తొట్టిలో ముంచిన మగ్గును క్లోరెల్లా డ్రమ్ములో పెట్టకండి. నాలుగు రోటిఫర్లు చేరినా సంఖ్య పెరిగి ఆ పచ్చదనమంతా తినేస్తాయి.